బెల్లం మండీ పెద్దాయనా, నా గుండూ

తిరుపతిలో నన్ను బొమ్మల మనిషిగా ఎరిగినవాళ్ళు, నేను నాటకాలు మానేస్తే బాగుపడతానని అనేవాళ్ళు. నాటకాల మనిషిగా ఎరిగినవాళ్ళు, కుంచె పక్కన పడేస్తే ఎక్కడికో పోతానని అనేవాళ్ళు. నా భార్య మాత్రం ఏది మానమనీ అనలేదు. రెంటిలో ఏదో ఒకటి మనిషిని వేళకు ఇంటికి పంపించేదైతే చాలని అనేది.

అవి డెబ్భైల చివరి రోజులు. గాంధీ రోడ్డు వెనక ఒక సందులో ఉండేవాళ్ళం. ముందు గది దుకాణం, వెనక గది కాపురం. పగలు అంగళ్ళకు బోర్డులు రాసేవాణ్ణి. ఎవరైనా అడిగితే వాళ్ళ ఇంటి పెద్దల బొమ్మలు ఆయిల్ పెయింట్‌తో వేసేవాణ్ణి. సాయంత్రమైతే సైకిలెక్కి హైస్కూలుకు పోయేవాణ్ణి. అక్కడ తెలుగు చెప్పే పండితుడొకాయన బడి వదిలాక మా చేత నాటకాల రిహార్సల్సు చేయించేవాడు. మేమంతా ఆయన్ను అయ్యవారు అనేవాళ్ళం. నాటకం రాసేదీ ఆయనే, నేర్పించేదీ ఆయనే, ఎవరైనా రాకపోతే వాళ్ళ బదులు ఏడ్చేదీ ఆయనే.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, నా రెండు పనులూ ఒకదాని హద్దులో ఒకటి ఉండేవి కావు. స్టేషను దగ్గర ఒక హోటలుకు బోర్డు రాస్తున్నాను. ‘ఇచ్చట టిఫిన్, భోజనం లభించును’ అని రాయాలి. నోట్లో మాత్రం అయ్యవారి కొత్త నాటకంలోని నిరుద్యోగి మాటలు ఆడుతున్నాయి. ఆ నిరుద్యోగి నోరు తెరిస్తే జీవితం అంటాడు. నేను రాయడం ముగించి, నిచ్చెన భుజానేసుకుని ఇంటికొచ్చేశాను. మర్నాడు పొద్దున్నే హోటలాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“ఏమప్పా, ఏం రాసినావు ఆడ?”

“నువ్వు చెప్పిందే కదన్నా రాసినాను.”

“ఇచ్చట టిఫిన్, జీవితం లభించును అని రాసినావు. జీవితం కావాల్సినోళ్ళు కొండకు పోతారప్పా. నా దగ్గర ఇడ్లీ ఉండాది. అంతే.”

అటు స్టేజీ మీద పరిస్థితి ఇంతకంటే మెరుగేమీ కాదు. మా నాటకాలకు తెరలు రాసేది కూడా నేనే. ఒకసారి హీరోయిన్ నా గుండెల మీద వాలి ఏడవాలి, నేను ఓదార్చాలి. ఆమె వాలబోతుండగా నాకు ఆమె భుజం మీదుగా తెరలోని కిటికీ కనిపించింది. చువ్వలన్నీ ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. ఇట్లా ఎట్లా వదిలేశానా అని దగ్గరికి పోయి, వేలితో కొలుచుకుంటూ నిలబడ్డాను. ఆమె పాపం ఏడవడం అయిపోగొట్టి, చుట్టూ చూసి, మళ్ళీ మొదలుపెట్టింది. “ఒరేయ్, ఆ గోడతో నీకేం పనిరా!” అని తెర పక్కనుంచి అయ్యవారు పళ్ళు నూరడం ముందు వరుస వాళ్ళకు కూడా వినిపించిందట.

ఇట్లా నడుస్తుండగా ఒకరోజు చిత్తూరు నుంచి అన్నదమ్ములిద్దరు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ళది బెల్లం మండీ. తండ్రి పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాటికి ఆయన బొమ్మ ఆయిల్ పెయింట్‌లో వేయించి మండీలో పెట్టాలని వాళ్ళ కోరిక. పెద్దకొడుకు నలభై దాటిన మనిషి, ముఖంలో నవ్వన్నది లేదు. చిన్నకొడుకు ముఖంలో నవ్వు తప్ప ఇంకేమీ లేదు.

“నాయన ఫోటో ఏదన్నా తెచ్చినారా?” అని అడిగాను.

“నాయనకు ఫోటో అంటే పడదు. మండీ తెరిచిన పొద్దు అందరూ నిలబడి తీయించుకున్నది ఒకటుండాది,” అని పెద్దకొడుకు సంచిలోంచి తీసి ఇచ్చాడు.

కెమెరా నొక్కే క్షణంలో పెద్దాయన పక్కకు తిరిగి ఎవరినో అదిలించినట్టున్నాడు. ముఖమంతా పొగలాగా చెదిరిపోయి ఉంది. ఒక చెవి మాత్రం చాలా స్పష్టంగా వచ్చింది.

“చెవి ఉండాది కదా. మిగతాది నువ్వు వేసుకో,” అన్నాడు చిన్నకొడుకు, సగం పని అయిపోయినట్టే.

అప్పటికే చిత్తూరులో నాటక పోటీలు జరగబోతున్నాయి. ఆ నిరుద్యోగి వేషం నాది. పోటీలు అయ్యేదాకా వేరే పని నెత్తికెత్తుకోవద్దని అయ్యవారు గట్టిగా చెప్పి ఉన్నాడు. కానీ బోర్డుల మీద అక్షరాలు రాసి రాసి ఉన్నవాణ్ణి, మనిషి ముఖం వేయమని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళను పొమ్మనడం నాకు చేతకాలేదు. ఒప్పుకున్నాను.

చిత్తూరులో వాళ్ళ మండీ ముందు భాగంలో, ఇల్లు వెనక భాగంలో. బెల్లం దిమ్మెల వాసన, ఈగలు, కాటా చప్పుడు. వాటి మధ్య కూర్చుని, అన్నదమ్ములు చెప్పినదాన్ని బట్టి బొగ్గుతో గీయడం మొదలుపెట్టాను. ముక్కు కుదిరింది. నోటి దగ్గర పేచీ వచ్చింది.

“నాయన ఇట్లా నవ్వడు,” అన్నాడు పెద్దకొడుకు.

“నాతో నవ్వేవాడు,” అన్నాడు చిన్నకొడుకు.

“నీతో నవ్వలేదురా. నిన్ను సూసి నవ్వినాడు.”

ఆ కాగితం చింపి ఇంకొకటి మొదలుపెట్టాను. అది చూసి ఇద్దరూ ఒక్కమాటగా ఇది మా మేనమామ అన్నారు. మరొకటి గీస్తే, ఎవరో తెలియదుగానీ ఈయనకు సరుకు ఇవ్వకూడదన్నారు. మధ్యాహ్నమైంది. నా చేతులు, చొక్కా, ముఖం బొగ్గు. విసుగొచ్చి, “పెద్దాయన ఎట్లా కూసునేవాడో మీలో ఎవరన్నా కూసుని సూపించండి,” అన్నాను. పెద్దకొడుకు గల్లాపెట్టె వెనక పరుపు మీద కూర్చున్నాడు. పోలీసు స్టేషనులో కూర్చున్నట్టుంది. చిన్నకొడుకు కూర్చుంటే పెండ్లిపీటల మీద కూర్చున్నట్టుంది. ఇక ఆగలేక నేనే ఎక్కి కూర్చున్నాను.

“ఇట్లానా?”

“కాదు. ఎడమ మోకాలు పైకి.”

“చెయ్యి దాని మీద ఏలాడెయ్యి.”

“గడ్డం పైకెత్తు. దేన్నో వాసన సూస్తున్నట్టు.”

“కండ్లు సగం ముయ్యి. నిద్రపోతున్నట్టుండాల. నిద్రపోకూడదు.”

బొమ్మలవాడికి దొరకని మనిషి నాటకాలవాడికి కొంచెం కొంచెంగా దొరకసాగాడు. వీపు కాస్త వంచాను. కింది పెదవి ముందుకు తెచ్చాను. పెద్దకొడుకు చేతిలోని సిగరెట్టు తనంతట తానే వీపు వెనక్కు పోయింది.

అదే సమయానికి వాళ్ళ అమ్మ నాకోసం మజ్జిగ తీసుకుని లోపలినుంచి వచ్చింది. గడప దగ్గరే ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టింది. నన్ను కాసేపు చూసి, మామూలు గొంతుతోనే అడిగింది.

“ఏమయ్యా, పెరటి తలుపు గడియ బాగు చేపిస్తానంటివే. ఏమైంది?”

నాటకంలో మాట మరిచిపోతే అందించేవాళ్ళుంటారు. ఇక్కడ చిన్నకొడుకు ఆ పని చేశాడు. “సూద్దాంలే అను,” అని గుసగుసగా అన్నాడు.

“ఊఁ... సూద్దాంలే,” అన్నాను, నోరు పూర్తిగా తెరవకుండా.

“ఇదే! ఇదే మాట! పెండ్లయినప్పటినుంచీ ఇదే మాట!” అని ఆమె గడప మీద కూలబడింది. నవ్విందో ఏడ్చిందో, చెంగుతో కండ్లు తుడుచుకుంది. ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరివల్లా కాలేదు. బావి గిలక గురించి అడిగింది. కంచికి తీసుకుపోతానన్న మాట గురించి అడిగింది. తన తమ్ముడి పెండ్లికి వచ్చి, అలిగి, తినకుండా ఎందుకు లేచిపోయావని అడిగింది. అన్నింటికీ నేను సూద్దాంలే అంటూ పోయాను. సరుకు దించుకోవడానికి వచ్చిన బండివాళ్ళు కూడా వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడి విన్నారు. చివరికి ఆమె తేలికపడి, గ్లాసు నా ముందుకు జరిపి, “మజ్జిగ తాగు నాయనా. మొగమంతా మసి చేసుకున్నావే,” అంది. అప్పుడు నేను మళ్ళీ పరాయివాణ్ణయ్యాను.

బొమ్మ ఎట్లా వేయాలో ఆ పూట తెలిసిపోయింది. ఇంట్లో పెద్ద అద్దం ముందు కూర్చుని, పెద్దాయనగా మారి, ఆ ముఖాన్ని కాన్వాసు గుడ్డ మీదికి దించాలి. వినడానికి సులువుగానే ఉంది. కూర్చున్నాక తెలిసింది, నాకున్నది ఒక్కటే ముఖమని. కుంచె పట్టుకోగానే నా కనుబొమలు ముడిపడతాయి, నాలుక కొస బయటికొస్తుంది. ఇది చిన్నప్పటి అలవాటు. పెద్దాయన ముఖం పెడితే చెయ్యి బద్ధకిస్తుంది. ఆయన ఏ పనీ తొందరగా చేసే మనిషి కాదు కదా. రెండు రోజులు పోరాడితే, గుడ్డ మీద నాలుక కరుచుకున్న బెల్లం వ్యాపారి తయారయ్యాడు.

నా భార్య వంటింట్లోంచి వచ్చి చూసి, నవ్వి నవ్వి అక్కడే చతికిలబడింది. తర్వాత తనే దారి కనిపెట్టింది. నా పక్కన చేటలో బియ్యం పోసుకుని, రాళ్ళు ఏరుతూ కూర్చుంది. నా ముఖం జారిపోయినప్పుడల్లా ఏదో ఒకటి అడిగేది.

“ఏమండీ, కిరసనాయిలు అయిపోయింది.”

“సూద్దాంలే.”

“మా అమ్మ వస్తానని కబురు పంపించింది.”

“సూద్దాంలే.”

“ఆఁ, అదీ ముఖం. కదలొద్దు,” అనేది. ఇంతకూ వాటిలో ఏవి బొమ్మ కోసం అడిగిందో, ఏవి నిజంగానే అడిగిందో నాకు తెలియదు. కిరసనాయిలు మాత్రం నిజంగానే అయిపోయింది. వాళ్ళ అమ్మ కూడా నిజంగానే వచ్చింది.

ముఖం ఒక కొలిక్కి వచ్చాక చిన్నకొడుకు తల్లిని వెంటబెట్టుకుని చూపించడానికి వచ్చాడు. ఆమె దగ్గరికి పోయి చూసింది, దూరంగా నిలబడి చూసింది.

“మొగం ఆయనదే. తల మాత్రం నీది.”

అప్పుడు నాకు చెవుల మీదికి పడే ఉంగరాల జుట్టు. ఆ కాలం ఫ్యాషను.

“ఆయన మాటిమాటికి కొండకు పోయి గుండు చేపిచ్చుకునేవాడు నాయనా. జుట్టుతో ఆయన్ను నేను సూసిందే తక్కువ. ఎండ పడితే తల మెరిసేది,” అంది.

తిరుపతిలో గుండుకు ఏం కరువు? వాకిట్లో నిలబడితే చాలు, తమిళంవాళ్ళు, కన్నడంవాళ్ళు, చందనం పూసుకున్న గుండ్లు వరసగా పోతూనే ఉంటాయి. వాటిని చూసి వేశాను. ఒక్కటీ కుదరలేదు. ఒక కుండ మీద ఇంకొక కుండ మూత పెట్టినట్టుంది. ఆ ముఖానికి ఆ ఎముక ఉండాలి. ఆ ఎముక నా జుట్టు కింద ఉంది. పోటీలకు ఇంకా చాలా వ్యవధి ఉంది, అప్పటికి ఎంతో కొంత పెరుగుతుందిలే అనుకుని బస్సెక్కి కొండకు పోయాను.

మంగలాయన నీళ్ళు చల్లుతూ, “ఏం మొక్కు?” అన్నాడు.

“మొక్కు కాదన్నా. బొమ్మ కోసం.”

“ఏదైతే ఏమి. తల వంచు,” అన్నాడు.

కిందికొచ్చి అద్దం ముందు కూర్చున్న రోజే తల కుదిరింది. ఆ తృప్తిలో ఉండగా, సాయంత్రం అయ్యవారు దుకాణం ముందు సైకిలు దిగాడు. నావైపు చూసి, “ఏమయ్యా, ఆర్టిస్టు యాడికి పోయినాడు?” అని అడిగాడు.

“నేనే అయ్యవారూ.”

గొంతు గుర్తుపట్టాడు. పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. దాని మీద పచ్చరంగు ఇంకా ఆరలేదని చెప్పే ధైర్యం నాకు రాలేదు.

“పోటీలు ముందుకు జరిపినారని చెప్పేదానికి వచ్చినానురా. వచ్చే వారమే. నా హీరో ఉంగరాల జుట్టోడురా! ఆ పిల్ల నీ జుట్టు సూసే ప్రేమిస్తుంది కదరా! రెండో రంగమంతా జుట్టు మీదే రాసినా కదరా!” అని ఆయన రాగం తీశాడు.

నాటకాల సామాను అద్దెకిచ్చేవాడి దగ్గర విగ్గు కోసం పోతే, అన్నీ పౌరాణికాలకు పోయి ఉన్నాయి. భుజాల దాకా ఉన్న రాజుగారి విగ్గు ఒక్కటే మిగిలింది. కత్తిరించకూడదని షరతు. కొసలు చొక్కా కాలరు లోపలికి దోపి పెట్టుకున్నాను. ఉద్యోగం లేని పట్టభద్రుణ్ణి కాస్తా, కిరీటం ఎక్కడో మరిచిపోయి వచ్చినవాడిలాగా తయారయ్యాను.

చిత్తూరుకు పోయేటప్పుడు తెరలతోపాటు పెద్దాయన బొమ్మను కూడా దుప్పటిలో చుట్టి బస్సు మీద వేయించాను. మర్నాడు ఇచ్చేస్తే ఒక పని అయిపోతుంది. పొద్దు వాలుతుండగా ఒక బడి మైదానంలో మా నాటకం మొదలైంది. ముందు వరుసలో బెల్లం మండీ కుటుంబం కూర్చుని ఉంది. వెనక వాళ్ళకు సరుకు వేసే రైతులు, బండివాళ్ళు.

మొదటి రంగం బాగానే గడిచింది. రెండో రంగంలో హీరోయిన్ తండ్రి నన్ను గెంటేస్తాడు. నేను ఆయన కాళ్ళ మీద పడతాను. పడ్డాను. లేచాను. విగ్గు మాత్రం ఆయన కాళ్ళ దగ్గరే ఉండిపోయింది.

తెల్లటి లైట్ల కింద నా గుండు వెలిగిపోతోంది. ముందు వరుసలో పెద్దకొడుకు తటాలున లేచి నిలబడ్డాడు. ఆయన్ను చూసి వెనక బండివాళ్ళంతా లేచారు. హీరోయిన్ వేషం వేసినామె నెల్లూరు వైపు నుంచి వచ్చే ఆర్టిస్టు, ఎన్నో స్టేజీలు చూసిన మనిషి. విగ్గు వైపు చూసి, నా తల వైపు చూసి, తొణకకుండా అడిగింది.

“జుట్టు ఏమైంది?”

అయ్యవారు రాసిన గ్రాంథికమంతా ఎగిరిపోయి నా నోట్లోంచి మా ఊరి మాట వచ్చేసింది. “ఉద్యోగమొస్తే తలనీలాలిస్తానని కొండకు మొక్కుకున్నా.”

“ఉద్యోగం వచ్చిందా?”

“రాలేదు. స్వామి తన వంతు ముందే తీసుకున్నాడు.”

నవ్వులు ఎంతసేపటికీ ఆగలేదు. అక్కడినుంచి నేను ఏ మాటన్నా నవ్వే. ఆకలేస్తోందని ఏడిస్తే నవ్వారు. అమ్మను తలుచుకుంటే నవ్వారు. చివరి రంగంలో నేను విషం తాగి చనిపోవాలి. అయ్యవారు ఎంతో కష్టపడి రాసుకున్న రంగం అది. సీసా పైకెత్తాను. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి పెద్దాయన భార్య గొంతు ఖంగుమంది.

“ఏయ్, అది కింద పెట్టు! చెప్తాంటే నీకు కాదూ?”

నేను కావాలని చేసింది కాదు. అన్ని రోజులు అద్దం ముందు కూర్చున్న ఒళ్ళు దానంతటదే ఎడమ మోకాలు పైకి పెట్టి, గడ్డం ఎత్తి, “ఊఁ... సూద్దాంలే,” అంది.

పెద్దాయన్ను ఎరిగిన చిత్తూరంతా గొల్లుమంది. రైతులు తువ్వాళ్ళు ఎగరేశారు. ఆ గోలలో ఎట్లాగో చనిపోయాను. చనిపోయి పడుకుని ఉంటే, “మళ్ళీ ఒకసారి సావప్పా!” అని ఎవరో అరిచారు. హీరోయిన్ నా ఛాతీ మీద పడి భుజాలు కదిలిపోయేలాగా నవ్వుతుంటే, జనం ఏడుస్తోందనుకున్నారు.

విషాద నాటకంలో హీరోకు ఉత్తమ హాస్యనటుడి బహుమతి ఇచ్చారు. అయ్యవారు చప్పట్లు కొట్టలేదు.

మర్నాడు పొద్దున బొమ్మ తీసుకుపోయి మండీలో గల్లాపెట్టె పైన గోడకు తగిలించాం. పెద్దాయన భార్య కింద కూర్చుని చాలాసేపు చూసింది. పసుపు కుంకుమ తెచ్చి బొమ్మ చట్రానికి బొట్టు పెట్టింది. చిన్నకొడుకు వచ్చినవాళ్ళందరికీ ఆ చెయ్యి చూడండి, ఆ మోకాలు చూడండి అని చూపిస్తున్నాడు. పెద్దకొడుకు మాత్రం మండీలో ఆ మూలకూ ఈ మూలకూ నడిచి చూసి, నన్ను పక్కకు పిలిచాడు.

“అంతా బాగుండాది. కండ్లు కొంచెం రోడ్డు పక్కకు తిప్పేదానికి అవుతాదా అప్పా? యాడ నిలబడినా నన్నే సూస్తాండాడు. సిగరెట్టు యాడ తాగేది?”

“అట్లే ఉండనీ,” అంది వాళ్ళ అమ్మ, వెనక్కు తిరక్కుండానే.

తిరుపతికి తిరిగి వచ్చేటప్పుడు అయ్యవారు బస్సులో నాకు దూరంగా ముందు సీటులో కూర్చున్నాడు. పూతలపట్టు దాటాక లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగాడు.

“స్వామి తన వంతు ముందే తీసుకున్నాడన్న మాట... అది నీకు అప్పటికప్పుడు తోచిందేనా?”

“అవును అయ్యవారూ.”

ఆయన కాసేపు బిగబట్టుకుని ఉండి, ఆ తర్వాత ఒళ్ళంతా కుదుపుతూ నవ్వాడు. కండక్టరు కూడా వెనక్కు తిరిగి చూశాడు. చంద్రగిరి వచ్చేలోగా ఆయన నాకోసం ఒక హాస్యనాటకం కథ సగం చెప్పేశాడు. నిజంగానే రాశాడు కూడా. ఆ తర్వాత నాకు హీరో వేషం ఎవరూ ఇవ్వలేదు. నేనూ అడగలేదు. జనం నా గొంతు వినగానే నవ్వడానికి సిద్ధపడి కూర్చునేవాళ్ళు. దానికంటే హాయి ఇంకొకటి లేదు.

బొమ్మల వైపు కూడా పని పెరిగింది. పెద్దాయన బొమ్మ సంగతి బెల్లం బండ్లతో పాటు చుట్టుపక్కల ఊళ్ళకు పాకింది. ఫోటో లేకుండా పోయిన పెద్దవాళ్ళు ఈ జిల్లాలో ఇంతమంది ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు. సత్యవేడు నుంచి ఒక రెడ్డిగారి కుటుంబం, పుత్తూరు నుంచి ఒక వైద్యుడి పిల్లలు వచ్చారు. ముందు వాళ్ళ ఇంట్లో కూర్చుని, వాళ్ళు చెప్పినట్టల్లా నడిచి, దగ్గి, కోప్పడి, వాళ్ళు ‘ఆఁ, ఇదే’ అన్నాకే కుంచె పట్టేవాణ్ణి. రెంటిలో ఏదో ఒకటి మానేయమనేవాళ్ళు మెల్లగా ఆ మాట మానేశారు.

ఒకరోజు నగరి నుంచి ఒక పెద్దమనిషి తన చెల్లెళ్ళతో సహా వచ్చి, వాళ్ళ అవ్వ బొమ్మ కావాలన్నాడు. అవ్వకు ఫోటో లేదట. ఎట్లా ఉండేదని అడిగితే, పొడుగ్గా, నిండుగా, ముక్కుకు రెండు పక్కలా పుడకలతో, ఎప్పుడూ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎవరినో ఒకరిని తిడుతూ ఉండేదని నలుగురూ ఒకేసారి చెప్పారు. వాళ్ళు చెబుతుండగానే నా భార్య లోపలికి పోయి, పెట్టెలోంచి తన పెద్దంచు నూలుచీర ఒకటి తీసి, దులిపి, నా ఎత్తుకు సరిపోతుందో లేదో చూడడానికి భుజం మీద వేసి కొలవడం మొదలుపెట్టింది.